మూడు గంటల నుంచి

కార్డు మీద రెండే వాక్యాలున్నాయి. "అత్త పోయి మూడు దినాలైంది. పదకొండో దినం ధర్మవరంలోనే చేస్తాము, మీరు తప్పక రావలెను." కింద పెద్ద నర్సమ్మ అన్న కొడుకు సంతకం. పైన తేదీ లేదు. పోస్టాఫీసు ముద్ర సగం కార్డు అంచు దాటి పడింది, మిగిలిన సగం అలుక్కుపోయింది. బెంగుళూరులో మా ఆఫీసు బల్ల దగ్గర నిలబడే చదివాను. చదివాక ఏడవలేదు, లెక్క వేశాను. మూడు దినాలంటే పోయిన రోజును కలుపుకొనా, వదిలేసా? కార్డు రాసిన నాటికి మూడా, నా చేతికి అందే నాటికి మూడవుతుందని రాశాడా? దారిలో అది ఎన్ని రోజులుంది? పక్క బల్ల ఆవిడ నా ముఖం చూసి ఏమైందని అడిగింది. "మా పెద్ద నర్సమ్మ పోయింది. ఎప్పుడు పోయిందో తెలియడం లేదు" అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆ లెక్క నాకు నేర్పింది ఆమే. పదేళ్ళకు పైగా ఆమె కింద పనిచేశాను, మొదట పెనుకొండలో, తర్వాత హిందూపురంలో. ఆమెకు పేరుంది కానీ రిజిస్టరులో సంతకం చేసేటప్పుడు తప్ప ఎవరికీ దానితో పనిపడలేదు. జనం "గంటల నర్సమ్మ" అనేవాళ్ళు. కడుపునొప్పి అని వచ్చినా, బిడ్డ పాలు తాగడం లేదని వచ్చినా, ఆమె ముందు అడిగేది గంటలు. మందు ఇచ్చే ముందు పోలీసు స్టేషన్లో అడిగినట్టు అడుగుతుందని కొందరికి కోపం కూడా ఉండేది.

పెనుకొండలో మాది పది మంచాల ప్రసవాల ఆసుపత్రి. ఎవరో దాతలు పెట్టించింది, ఇప్పుడు ఆ కట్టడమే లేదు. డాక్టరమ్మ హిందూపురం నుంచి వారానికి రెండుసార్లు రైల్లో వచ్చి చూసిపోయేది. మిగిలిన రోజులు మాకు పెద్ద నర్సమ్మే దిక్కు. నేను కదిరి పక్కదాన్ని. మిడ్‌వైఫు ట్రైనింగు ముగించుకొని, ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకొని, అన్నీ తెలిసినదానిలాగా అక్కడ చేరాను. మొదటిరోజు ఒకామెను "ఎంతసేపైందమ్మా నొప్పులు మొదలై?" అని అడిగి రాసుకుంటూంటే పెద్ద నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఎంతసేపని అడగొద్దు పాపా. అట్ల అడిగితే నీకు యా జవాబు కావల్నో అది చెప్తారు. ఏం చేస్తాంటివని అడుగు. చేసిన పని ఎవురికైనా గుర్తుంటాది."

ఆమె అడిగే పద్ధతి నాకు మొదట నవ్వు తెప్పించేది. "సంగటి కెలికేంత సేపు" అని ఎవరైనా అంటే ఆమె అక్కడ ఆగేది కాదు. ఎంతమందికి కెలికినావు అని అడిగేది. ఇంట్లో ఇద్దరికి కెలికే సంగటి వేరు, కోతలకు వచ్చిన కూలోళ్ళకు కెలికే సంగటి వేరు. "రెండు కడవల నీళ్ళు తెచ్చేంత సేపు" అంటే ఏ బావి అని అడిగేది. ఆమె నోటుబుక్కు వెనక పుటల్లో చుట్టుపక్కల ఊళ్ళ బావులన్నీ వరుసగా ఉండేవి, ఒక్కొక్క దాని ఎదురుగా నిమిషాలు. ఒక ఊరి బావి సంగతి ఎవరూ సరిగ్గా చెప్పకపోతే తనే ఒక కడవ అడిగి తీసుకొని, గడియారం చూసుకుంటూ పోయి నీళ్ళు తోడుకొని వచ్చింది. నర్సమ్మకు ఏమో అయిందని ఆ ఊళ్ళో చాలారోజులు చెప్పుకున్నారు.

గడియ అనే మాటతో ఆమె పడిన తిప్పలు చెప్పాలి. అవ్వలు గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు, పంచాంగం లెక్క. వాళ్ళ కోడళ్ళు గడియ అంటే ఊరికే కాసేపు. ఇంకా చిన్నవాళ్ళు గంటకూ గడియకూ తేడా ఉందనే అనుకోరు. ముగ్గురూ ఒకే మంచం చుట్టూ నిలబడి "రెండు గడియలాయె మా" అంటే మూడు వేర్వేరు సంగతులు చెప్పినట్టు. "గడియ అన్న మనిషి ఎవరో కూడా రాయి పాపా" అనేది. అట్లా మా రిజిస్టరులో "2 గడియలు (అవ్వ)" అనీ, "2 గడియలు (కోడలు)" అనీ ఉండేవి. డాక్టరమ్మ మొదటిసారి చూసి ఇదేం రాతని కోప్పడింది. నర్సమ్మ నెమ్మదిగా చెప్పాక, ఆ తర్వాత తనే "ఇది అవ్వ గడియా, కోడలు గడియా?" అని అడగడం మొదలుపెట్టింది.

నెలల దగ్గర ఇంకో పేచీ. "ఏడు నెలలు" అని అత్త చెబుతుంది. "ఏడో నెల" అని కోడలు చెబుతుంది. వాళ్ళకు రెండూ ఒకటే. ఏడో నెల అంటే ఆరు నిండి ఏడోది నడుస్తున్నట్టు, ఏడు నెలలంటే ఏడూ నిండినట్టు. నెల రోజుల తేడా తల్లికి ఎంత ముఖ్యమో నేను వేరే చెప్పనక్కర్లేదు. అందుకే నర్సమ్మ ఎవరొచ్చినా, "పడిందా, నిండిందా?" అని అడిగేది. ఆ మాట ఆమె నోట్లో ఎంతగా నిలిచిపోయిందంటే, నాకు జీతం పెరిగిందంటే కూడా "సర్వీసు రెండేండ్లు పడిందా, నిండిందా?" అని అడిగింది. ఆమె రిటైరైనప్పుడు మేమంతా కలిసి ఆ మాటే ఆమె మీద తిప్పికొట్టాం. "యాభై అయిదు పడినాయా, నిండినాయా అమ్మా?" అంటే, "నిండినాయి, తరిమేస్తాండారు" అని నవ్వింది.

ఆమె గడియారం చేతికి కట్టుకునేది కాదు. మాటిమాటికీ మోచేతుల దాకా కడుక్కోవాలి కదా. చిన్న గుండ్రటి గడియారం రొమ్ము మీద పిన్నుతో తగిలించుకునేది. తల వంచి ఆమె చూసుకుంటే పన్నెండు పైన ఉంటుంది. ఎదుట ఉన్నవాళ్ళకు అదంతా తలకిందులు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

ఇక నేను చేసిన తప్పు. రాయకుండా దాటేస్తే ఆమెను గురించి రాసినట్టు కాదు.

ఒక వేసవి ఉదయం పది గంటలకు ఎద్దులబండిలో అంజినమ్మ అనే ఆమెను తీసుకొచ్చారు. తొలి కాన్పు, పందొమ్మిదేళ్ళుంటాయి. ఆమె భర్తది రైల్వే గేటు దగ్గర కాపలా పని, గేటు పక్కనే గుడిసెలో కాపురం. పెద్ద నర్సమ్మ ధర్మవరంలో వాళ్ళ అన్న ఇంటికి పోయి ఉంది, మధ్యాహ్నం బండికి వస్తానని చెప్పి. డాక్టరమ్మ మాత్రం ఆ రోజు వచ్చి ఉంది, పది దాటితే ఆమె హిందూపురం బండికి పోవాలి. నేను హడావిడిలో, అడగకూడదని నేర్చుకున్న ప్రశ్నే అడిగాను. "ఎంతసేపైందప్పా?"

"మూడు గంటల నుంచి పడతాంది మా" అన్నాడు ఆయన.

గోడ గడియారం చూశాను. పదిలో మూడు తీసేస్తే ఏడు. పొద్దున ఏడుకు మొదలయ్యాయి అనుకొని, "నొప్పులు: 3 గంటలు" అని రాశాను. రాస్తున్నప్పుడు నాకు అనుమానం రాలేదు. వచ్చి ఊరుకుని ఉంటే అదొక రకం తప్పు. అసలు రాకపోవడమే నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. డాక్టరమ్మ నా రాత చూసింది, బిడ్డ గుండె విన్నది, బాగానే ఉందంది. "తొలి కాన్పు, మూడు గంటలే కదా, ఇంకా చాలా టైముంది. సాయంత్రం బండికి తిరిగొస్తాను" అని స్టేషనుకు వెళ్ళిపోయింది.

పన్నెండుకు పెద్ద నర్సమ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కొని, నా రిజిస్టరు చూడకుండా నేరుగా మంచం దగ్గరికి పోయింది. ఆమె ఎప్పుడూ అంతే, రాసింది చూసేది మనిషిని అడిగిన తర్వాతే.

"ఏమ్మా, నొప్పి మొదలైనప్పుడు ఏం చేస్తాంటివి?"

"శెనక్కాయలు వలుస్తాంటి మా."

"ఈ పొద్దున్నేనా?"

"ఈ పొద్దున యాడ వల్చేది? నిన్న."

"యాడ కూర్చోనుంటివి?"

"గుడిసె నీడన. నీడ పట్టాల దాకా వచ్చిండె మా. బండి వస్తాదని మా ఆయప్ప గేటేస్తాండె."

గేటు దగ్గర బతికే మనిషికి గంటలు బండ్లతో తెలుస్తాయి. ఆ బండి వచ్చేది మధ్యాహ్నం మూడింటికి. ఆయన చెప్పింది నిన్నటి ఆ మూడు గంటల సంగతి. మూడు గంటల నుంచి అంటే మూడు గంటలప్పటి నుంచి. నేను మూడు గంటల సేపుగా అనుకున్నాను. మన భాషలో రెంటికీ ఒకటే మాట. వచ్చిన వేళకే మూడు కాదు, పందొమ్మిది. ఇప్పటికి ఇరవై ఒక్క గంటలు. నర్సమ్మ నా వైపు ఒకసారి చూసింది, అరవలేదు. "పాపా, స్టేషనుకు పరుగెత్తు. డాక్టరమ్మ కావల్ల, ఏ బండి దొరికితే ఆ బండిలో రమ్మని తంతి ఇప్పించు."

పరుగెత్తాను. స్టేషను మాస్టరు మంచివాడు, అప్పటికప్పుడు హిందూపురానికి కబురు పంపాడు. డాక్టరమ్మ ఒక గూడ్సుబండి గార్డు పెట్టెలో కూర్చొని వచ్చేసరికి నాలుగు. అప్పటికి బిడ్డ గుండె వినిపించడం మందగించింది. పట్టుకారు లాంటి ఆయుధం వేసి తీశారు. మగబిడ్డ, ఏడవలేదు. నర్సమ్మ ఆ బిడ్డను చాలాసేపు వదల్లేదు, తుడిచింది, నోట్లో ఊదింది, మళ్ళీ ఊదింది. చివరికి గడియారం చూసుకొని, బిడ్డను తెల్లగుడ్డలో చుట్టింది. అంజినమ్మ బతికింది.

బయట చెట్టుకింద ఆమె భర్త కూర్చొని ఉన్నాడు. నేను ఎట్లా చెప్పానో నాకు గుర్తులేదు. ఆయన తిట్టలేదు. కొంచెంసేపటికి, తనలో తను అనుకుంటున్నట్టు, "నేను చెప్తి కదమ్మా, మూడు గంటల నుంచి అని" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే నాకు ఇంతకాలం గుర్తుండేది కాదేమో.

ఆ సాయంత్రం రిజిస్టరు ముందేసుకొని బ్లేడు తీశాను, ఆ మూడును గీకేద్దామని. నర్సమ్మ నా చేయి పట్టుకుంది.

"గీకొద్దు. ఒక గీత కొట్టు, కింద ఏముందో కనబడేటట్ల. దాని పైన సరైంది రాయి."

"అందరికీ కనబడుతుంది కదమ్మా."

"కనబడనీ. యాడ తప్పినామో రేపు వచ్చేటోళ్ళకు తెలియాల్ల కదా."

అట్లాగే రాశాను. రాశాక అడగకుండా ఉండలేకపోయాను. "నేను సరిగ్గా అడిగి ఉంటే, డాక్టరమ్మ ఆగి ఉంటే, బతికేవాడా అమ్మా?"

ఆమె రిజిస్టరు మూసి పక్కన పెట్టింది. తర్వాత, "తెలీదు పాపా" అంది. "బతికుండునని చెప్తే నిన్ను కొట్టినట్టు. బతికుండడని చెప్తే నీకు అబద్ధం చెప్పినట్టు. తెలీదు. తెలీదనేది కూడా ఒక జవాబే. దాన్ని తెచ్చి ఇంకో జవాబులో కలపొద్దు." నన్ను ఓదార్చినవాళ్ళు తర్వాత చాలామంది ఉన్నారు. ఆమె ఓదార్చలేదు. ఆమె మీద నాకున్న నమ్మకం ఆ రోజుదే.

మరునాడు ఆమె స్కేలు తీసుకొని రిజిస్టరులో కొత్త గీతలు గీసింది. ఒక గడిలో "ఎప్పుడు మొదలు", పక్క గడిలో "ఎంతసేపు". రెండూ నింపాలి. రెండూ విడివిడిగా అడగాలి, ఒకదాన్ని చూసి రెండోది లెక్క కట్టకూడదు. రెండూ పొసగకపోతే మళ్ళీ మంచం దగ్గరికి పోవాలి. "నుంచి" అనే మాట ఒక్కటే ఎక్కడా రాయకూడదు. "అప్పటి నుంచి" అనాలి, లేదంటే "సేపుగా" అనాలి. ఇదంతా నా వల్లే వచ్చిందని కొత్తగా చేరిన ఎవరికీ ఆమె చెప్పలేదు, నేనే చెప్పుకునేదాన్ని.

అంజినమ్మ పది రోజులు మా దగ్గరుంది. మొదట్లో ఎవరితోనూ మాట్లాడేది కాదు. నర్సమ్మ రోజుకు నాలుగుసార్లు ఆమె పక్కన కూర్చొని, చేయి పట్టుకొని నాడి చూసేది. ఆ సేపంతా అంజినమ్మ చూపు నర్సమ్మ రొమ్ము మీది గడియారం మీదే ఉండేది. ఒకరోజు, "ఆ చిన్న ముల్లు ఎందుకు మెల్లగా పోతాంది మా?" అని అడిగింది. బిడ్డ పోయాక ఆమె అడిగిన మొదటి మాట అదే. నర్సమ్మ గడియారం విప్పలేదు, ఉన్నచోటనే ఉంచి నేర్పింది. ఇది ఒకటి, ఇది రెండు, ఈడికి వస్తే పావు. అక్షరం ముక్క రాని అంజినమ్మ పదిరోజుల్లో టైము చూడటం నేర్చుకుంది. కానీ తలకిందులుగా నేర్చుకుంది. ఆమెకు పన్నెండు అంటే కింద ఉండేది. మా గోడ గడియారం చూడాలంటే మెడ పూర్తిగా వంచేది, అయినా అందేది కాదు. నర్సమ్మ మళ్ళీ సరిచేయబోతే, "నాకు ఇట్లనే తెలుస్తాది, ఉండనీ మా" అంది.

గేటు గుడిసెలో రైల్వే వాళ్ళిచ్చిన టైంపీసు ఒకటుండేది. అంజినమ్మ ఇంటికి పోయి దాన్ని తలకిందులుగా నిలబెట్టిందట, పడిపోకుండా రెండు పక్కలా రాళ్ళు పెట్టి. భర్త సరిగ్గా పెట్టడం, ఈమె తిప్పడం. ఆ గొడవ చెప్పుకోవడానికే ఆయన ఒకసారి ఆసుపత్రికి వచ్చాడు. "మీరేం నేర్పినారో ఏమో మా, బండి టైము చూద్దామంటే నేను తల నేలకు పెట్టాల్సి వస్తాంది." నర్సమ్మ పడీపడీ నవ్వింది. ఆమె అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

రెండేళ్ళకు అంజినమ్మ మళ్ళీ వచ్చింది. బండి దిగుతూనే, నేను నోరు తెరవకముందే, ఒక చేత్తో నడుం పట్టుకొని, "నిన్న సాయంత్రం ఆరు గంటలప్పట్నించి మా. ఇప్పటికి పద్నాలుగు గంటల సేపు. శెనక్కాయలు వల్చలే, గుడ్డలు మడస్తాంటి" అంది. అది ఎనిమిది గంటల వేళ. నేను రెండు గడులూ నింపాను, లెక్క సరిపోయింది. మధ్యాహ్నానికి ఆడబిడ్డ పుట్టింది, పుడుతూనే ఆసుపత్రి ఎగిరిపోయేటట్టు ఏడ్చింది. ఏడ్చిన నిమిషం కూడా నర్సమ్మ రాయించింది. నేను రాస్తూంటే అక్షరాలు అలుక్కుపోయాయి, ఆమె చూసి, "ఇంకోసారి రాయి" అని మాత్రం అంది.

హిందూపురానికి మా ఇద్దరినీ ఒకేసారి మార్చారు. అక్కడ మంచం మంచానికీ మాట మారుతుంది. ఒకామె తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తుంది. "ఆరు గంటె" అని ఒకామె అంటే నేను అరగంట అని వినేశాను. నర్సమ్మ అప్పుడు వేళ్ళ పద్ధతి పెట్టింది. గంటకు ఒక వేలు చూపాలి, అరగంట అయితే వేలు సగం మడవాలి. ఎవరి భాష ఏదైనా వేళ్ళు వేళ్ళే. ఒక ముసలామె రెండు చేతుల వేళ్ళూ చూపించి, చాలక, పక్కన నిలబడిన మనవరాలి చేయి కూడా పట్టుకొని చూపించింది. "వేళ్ళు చాలనంతసేపు ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావమ్మా?" అని నర్సమ్మ కోప్పడింది. ఆమెకు కోపం వచ్చేది ఆలస్యం మీదే, మనుషుల మీద తక్కువ.

ఆమె పుట్టింది ధర్మవరంలో మగ్గం ఇంట్లో. చిన్నవయసులోనే భర్త పోతే, వాళ్ళ నాయన నలుగురూ వద్దన్నా నర్సు చదువుకు పంపాడు. వాళ్ళింట్లో గంటలనేవే ఉండేవి కావట. "అన్నం ఎప్పుడమ్మా అంటే, ఇంకో జానెడు నేసినాక అనేటోళ్ళు. మా నాయన జానెడు తొందరగా అవుతాండె, మా అన్న జానెడుకు ఆకలితో చచ్చేటోళ్ళం" అని చెప్పేది. జనం చెప్పే మాటలను ఆమె ఎన్నడూ ఎగతాళి చెయ్యకపోవడానికి కారణం ఆ ఇల్లే అనుకుంటాను. ఎవరి జానెడు అని అడిగితే చాలు, అది కూడా కొలతే అని ఆమెకు తెలుసు.

ఆమె రిటైరై ధర్మవరం పోయింది. మా ఆయనకు బదిలీ అయితే నేను బెంగుళూరు వచ్చాను. అక్కడ ఒక ఆఫీసులో ఆసుపత్రుల ఫారాలను అట్టముక్కల మీద రంధ్రాలుగా కొట్టి ఒక పెద్ద మిషనుకు పెట్టే పనిలో చేరాను. మిషను ఒక గది నిండా ఉంటుంది, మనిషి వారం చేసే లెక్క కాఫీ తాగి వచ్చేలోగా చేసేస్తుంది. కానీ దానికి అంకెలు తప్ప ఏమీ తెలియవు. ఫారంలో "నొప్పుల వ్యవధి" అని ఒక గడి. అందులో జనం రాసినవి చూస్తే నాకు పెనుకొండ గుర్తొచ్చేది. 1.30 అని ఒకరు, 1-30 అని ఒకరు, గంటన్నర అని ఒకరు, 90 అని ఊరికే ఒకరు, రెండు మూడు గంటలు అని, రాత్రి నుంచి అని, చాలాసేపు అని.

మిషనుకు ఏం చెయ్యాలో వరుసగా రాసిచ్చే ఆఫీసరు కుర్రవయసు వాడు, తెలివైనవాడు. 1.30 ని ఉన్నదున్నట్టు పెట్టమన్నాడు. అట్లా పెడితే మిషను దాన్ని ఒక గంటా, గంటలో పదింట మూడు వంతులు అనుకుంటుంది. అంటే పద్దెనిమిది నిమిషాలు. రాసినామె ఉద్దేశం ముప్పై. "పన్నెండు నిమిషాలకు ఏం కొంప మునుగుతుందమ్మా?" అన్నాడు. నేను ఆయన ఎదురుగా కూర్చొని అంజినమ్మ సంగతంతా చెప్పాను. ఆయన మళ్ళీ ఆ మాట అనలేదు. "అయితే రూల్సు మీరే రాయండి" అన్నాడు.

రాయడానికి కూర్చుంటే నాకు ధైర్యం చాలలేదు. నర్సమ్మకు ఉత్తరం రాశాను, మిషను సంగతి వివరించి. ఆమె జవాబు ఒక కార్డు నిండా, అంచుల్లో కూడా వచ్చింది. నాకు చెప్పినట్టే రాసింది. "పాపా, నీ మిషనుకు తిరిగి అడిగే నోరు ల్యా. మనకుండాది. కాబట్టి అడగాల్సింది దాని దాకా పోనీయొద్దు. గంటలో నిమిషాలో రాయని అంకెను వెనక్కు పంపు. నుంచి అని ఉంటే వెనక్కు పంపు. రెండు మూడు అంటే రెండూ పెట్టు, మూడూ పెట్టు, నువ్వు రెండున్నర చెయ్యొద్దు. ఆమె రెండున్నర అనలేదు కదా. తెలీదు అన్నదానికి వేరే చోటు పెట్టు."

ఆ చివరిది మేము సరిగ్గా చెయ్యలేదు. తెలియదు అన్నవాటికి ఆఫీసరు 99 అని పెట్టించాడు. మిషను ఆ తల్లులందరూ తొంభై తొమ్మిది గంటలు నొప్పులు పడినట్టు లెక్క కట్టి ఇచ్చింది. తెలీదును ఇంకో జవాబులో కలపొద్దని ఆమె పదేళ్ళ కిందటే చెప్పింది. ఆ తర్వాత దానికి విడిగా ఒక రంధ్రం పెట్టాం. ఈ కథ రాసి పంపితే నవ్వుకుంటుందని అనుకుంటూనే వారాలు గడిపాను. నేను రాయలేదు, ఆమె పోయిందన్న కార్డు వచ్చింది.

ఎప్పుడు పోయిందో తేల్చుకోలేక, పదకొండో దినానికి అన్నిటికంటే తక్కువ గడువు మిగిలే లెక్క పట్టుకొని ఆ రోజు బండికే బయలుదేరాను. మరునాడు పొద్దున ధర్మవరంలో దిగేసరికి తొమ్మిదో దినం నడుస్తోంది. ఇంట్లో మగ్గాలు ఆగి ఉన్నాయి, వాటి మీద గుడ్డలు కప్పారు. చాపల మీద బంధువులు కూర్చొని ఉన్నారు. అరవై ఏళ్ళు అని ఎవరో అంటున్నారు. పడినాయా, నిండినాయా అని నా నోటిదాకా వచ్చింది, మింగేశాను.

కార్డు రాసిన మనిషి, నర్సమ్మ అన్న కొడుకు, నా పక్కన కూర్చొని చెప్పుకొచ్చాడు. నాలుగు దినాల జ్వరమని, డాక్టరు వచ్చి చూశాడని. "ఆ దినం మూడు గంటల నుంచి మాట ల్యా అక్కా, అట్లనే పాయ" అన్నాడు.

ఈసారి మింగలేకపోయాను. "మూడు గంటలప్పట్నించా, మూడు గంటల సేపా?"

ఆయన బిత్తరపోయి నన్ను చూశాడు. చాప మీది ఒకామె, చావింట్లో ఈ అడుగుడేంది అని పక్కామెతో అంది. నాకు సిగ్గేసింది. కానీ నాకు అది తెలియాలి. ఆమె విషయంలో ఆ గడి ఖాళీగా ఉండటం నేను ఓర్చుకోలేను.

గోడవారగా, మగ్గం అవతల నుంచి ఒక మనిషి లేచింది. అంజినమ్మ. భర్తకు ధర్మవరం గేటుకు బదిలీ అయిందని, రోజూ వచ్చి నర్సమ్మ దగ్గర కూర్చొనేదని నాకు అప్పుడే తెలిసింది.

"మధ్యాన్నం మూడు గంటలప్పుడు మాట నిల్చిపాయ మా. సాయంత్రం ఆరుంబావుకు ఊపిరి నిల్చిపాయ. మూడుంబావు గంటల సేపు. నేను చెయ్యి పట్టుకొని పక్కనే ఉంటి, చూస్తానే ఉంటి."

రెండు గడులూ నింపి చెప్పింది. మనసులో లెక్క వేశాను, సరిపోయింది. నేను అంజినమ్మను పట్టుకొని గట్టిగా ఏడ్చాను, ఆమె కూడా ఏడ్చింది. ఆ మగబిడ్డ ఇద్దరికీ గుర్తొచ్చాడు, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

తర్వాత ఆమె కొంగు ముడి విప్పింది. అందులో నర్సమ్మ గడియారం ఉంది, పిన్నుతో సహా. "ఆయమ్మే ఇచ్చింది. దినామూ కీ ఇస్తాండా" అంది. చెవి దగ్గర పెట్టుకున్నాను, కొట్టుకుంటోంది. తిరిగి ఇచ్చేస్తూ, ఏదో ఒకటి అడగాలి కాబట్టి, "ఇప్పుడు ఎంతైంది అంజినమ్మా?" అన్నాను.

అంజినమ్మ గడియారాన్ని అరచేతిలో పెట్టుకొని, పన్నెండు కిందికి వచ్చేటట్టు తిప్పింది. అద్దం మీద బొటనవేలితో తుడిచి, తల వంచి చూసింది.

"పదకొండో గంట పడిండాది మా" అంది. "ఇంకా నిండలే."